కుక్కపిల్ల క్రేట్ తలుపు మొదటి రోజే మూసేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీల్లో అప్పుడప్పుడూ కుక్కపిల్లల ఫోటోలు, ఏ జాతి ఎంత రేటు అనేది వేస్తా ఉంటారు, చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ ఆ పిల్లని ఇంటికి తెచ్చుకున్నాక మొదటి నెల ఎట్లా చూసుకోవాలో ఎక్కడా కనపడదు, అందుకే ఈ లెటర్ రాస్తున్నా. తిరుపతిలో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్‌కి పోయినా రెండు మూడు ఇళ్లలో కుక్కలు ఉన్నాయి, చాలామంది మొదటిసారి పెంచుకునేవాళ్లే, వాళ్లందరికీ షాపులో కుక్కతో పాటు ఒక ఇనప క్రేట్, అంటే కుక్క పడుకునే జాలీ బోను, కూడా అంటగడతా ఉన్నారు, దాన్ని ఎట్లా అలవాటు చెయ్యాలో మాత్రం చెప్పరు. మేము క్రేట్ కొన్న షాపులో అయితే "లోపల పెట్టి తలుపేసేయండి మేడం, రెండు రోజులు ఏడుస్తాది, తర్వాత అదే నోరు మూసుకుంటాది" అని చెప్పినారు. ఈ మాట ఎంత తప్పో గట్టిగా చెప్పాలనే నా బాధ అంతా.

మేము తెచ్చుకున్నది బసెంజీ పిల్ల, పేరు చిట్టి. మన పక్క ఈ జాతి చాలా తక్కువ, చూసినోళ్లంతా మన వీధికుక్కే కదా దీనికి ఇంత ఖర్చా అంటారు. చెవులు నిక్కబొడుచుకుని, నుదుటి మీద ముడతలు, తోక గట్టిగా చుట్టుకుని నడుం మీద ఆనించి ఉంటాది, పెద్దదైనా పదకొండు కిలోలకి అటూ ఇటూ, ఎత్తు 43 సెంటీమీటర్ల లోపే. ఆఫ్రికాలో కాంగో అడవుల పక్క జనాలు వేటకి వాడే కుక్క ఇది, జంతువుల్ని వలల్లోకి తరమడానికి వాడేవాళ్లు, వేటలో మొరగదు కాబట్టి ఎక్కడుందో తెలిసేదానికి మెడకి గంట కట్టేవాళ్లు. 1895లో ఇంగ్లాండుకి ఒక జతని తీసకపోతే డిస్టెంపర్ జబ్బొచ్చి చచ్చిపోయినాయి, మళ్లీ 1937లో గానీ ఆ దేశంలో నిలదొక్కుకోలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మనిషి పక్కనే ఉండి కూడా తన బుర్రతో తాను ఆలోచించుకుని వేటాడిన కుక్క ఇది, కూర్చో అంటే ముందు మన మొహం చూసి, కూర్చుంటే ఏమొస్తాదో చూసుకుని అప్పుడు కూర్చుంటాది. దాన్ని బలవంతంగా లోపలికి తోస్తే అది గుర్తు పెట్టుకుంటాది, ఇంక ఆ క్రేట్ దగ్గరికి రమ్మన్నా రాదు.

ఇంకొకటి, బసెంజీ మొరగదు అని చదివి అపార్ట్‌మెంట్‌కి బాగుంటాదని తెచ్చుకునేవాళ్లు ఉంటారు. భౌ భౌ అనదు, నిజమే, దాని గొంతు నిర్మాణమే వేరే. కానీ మూగది కాదండీ. సంతోషం వస్తే రాగం తీసినట్టు ఒక కూత కూస్తాది, ఒంటరిగా వదిలేస్తే గొంతు చించుకుని పసిపిల్ల ఏడ్చినట్టే ఏడుస్తాది, రాత్రి రెండు గంటలప్పుడు ఆ ఏడుపు వింటే ఎవర్నో కొడతా ఉన్నారేమో అనుకుంటారు. మా కింద ఫ్లాట్ పెద్దాయన మొదటి రాత్రి నిజంగానే పైకొచ్చి "ఏమైందమ్మా, బిడ్డకి బాగలేదా" అని అడిగినారు. ఆయన్ని లోపలికి పిల్చి పిల్లని చూపించి, కొద్ది రోజులు ఓర్చుకోండి అంకుల్ అని చెప్పినాం, ఆ పెద్దాయన ఇప్పుడు రోజూ చిట్టికి గుడ్లు తెస్తా ఉన్నారు. కొత్త పిల్లని తెచ్చేవాళ్లు ముందే పక్కిళ్లకి ఒక మాట చెప్పిపెట్టుకుంటే సగం గొడవలు ఉండవు.

అది ఎందుకేడుస్తాదో కూడా ఆలోచించాలి కదా. ఎనిమిది వారాలు తల్లి పొట్ట కింద, తోటి పిల్లల మధ్యలో పడుకున్న ప్రాణి, ఒక పొద్దున ఎవరో ఎత్తుకుని కార్లో వేసుకుని బెంగళూరు నుంచి 250 కిలోమీటర్లు తీసుకొచ్చినారు, మొగిలి ఘాట్‌లో కక్కుకుంది, ఇంటికి రాగానే ఫ్లోర్లో పిల్లలంతా చుట్టూ చేరి నాకు నాకు అని లాగుతా ఉంటే అది సోఫా కింద దూరి కూర్చుంది. ఆ రోజు నుంచే ఇంట్లో ఒక రూల్ పెట్టినాం, మొదటి వారం చూడ్డానికి ఎవరూ రావద్దు, వచ్చినా ఎత్తుకోవద్దు, నేల మీద కూర్చుంటే అదే వచ్చి వాసన చూస్తాది, అప్పుడు నిమరండి అని. తెచ్చేటప్పుడు తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాం, అది క్రేట్‌లో వేసినాం, ఉతకలేదు. ఇది ప్రతి ఒక్కరూ చెయ్యాల్సిన పని, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు విషయం. క్రేట్ ఎంత ఉండాలంటే అది లేచి నిలబడాలి, తల తగలకుండా, చుట్టూ తిరగాలి, కాళ్లు బారజాపి పడుకోవాలి, అంతకంటే మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పాస్ పోస్తాది, పెద్దయ్యాక కూడా పనికొచ్చేది కొనుక్కుంటే మధ్యలో అడ్డం పెట్టే జాలీ ఉంటాది, అది పెట్టి చిన్నది చేసుకోవచ్చు. మన ఊరికి మాత్రం ప్లాస్టిక్ డబ్బా లాంటిది వద్దండీ. తిరుపతిలో మే నెల వస్తే నలభై దాటతాది ఎండ, మూసుకుపోయిన డబ్బాలో కుక్క వడదెబ్బ తగిలి చచ్చిపోయే ప్రమాదం ఉంది, నాలుగు పక్కలా గాలొచ్చే ఇనప జాలీదే తీసుకోండి. బాల్కనీలో, మిద్దె మీద రేకుల కింద పెట్టడం అసలే వద్దు, కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోతాది అనేది కూడా గుర్తు పెట్టుకోవాలి. మేము పగలు హాల్లో అందరూ తిరిగే చోట ఫ్యాన్ కింద పెట్టినాం, రాత్రి మా మంచం పక్కనే. డిసెంబరు చలికి మాత్రం ఈ జాతికి బొంత కావాల్సిందే, పొట్టి బొచ్చు కదా, పొద్దున్నే ఎండ పడే చోటు వెతుక్కుని అక్కడే పడుకుంటాది.

తలుపు ఊగి తగిలి టంగుమంటే పిల్ల బెదిరిపోతాది, అందుకని మొదట్లో తలుపుని వెనక్కి లాగి తాడుతో కట్టేసినాం. లోపలికి పిలవలేదు, తొయ్యలేదు. ఉడకబెట్టిన చికెన్ చిన్న చిన్న ముక్కలు చేసి, ఉప్పూ కారం ఏమీ లేకుండా, గడప దగ్గర ఒకటి, కొంచెం లోపల ఒకటి వేసి పక్కకొచ్చి కూర్చునేవాళ్లం. దాన్ని చూడాలండీ అప్పుడు. వెనక కాళ్లు రెండూ బయటే టైల్స్ మీద ఆనించి, నడుం అంతా సాగదీసి, మెడ ముందుకి చాపి ముక్కని పళ్ల కొసతో అందుకుని ఒక్క దూకులో వెనక్కొచ్చేది, బయటికొచ్చి నమిలేది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. ముందు కాళ్లు లోపల పెట్టింది, తర్వాత మూడు కాళ్లు, ఆ నాలుగో కాలు లోపలికి రావడానికే చాలా టైం తీసుకుంది, మావోడికి ఓపిక లేక వెనక నుంచి మెల్లగా తోస్తానంటే వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని ఆపినాడు. ఒకరోజు ముక్క వెయ్యకపోయినా అదే పోయి లోపల కూర్చుని మమ్మల్ని చూస్తా ఉంది, వేస్తారా లేదా అని.

అప్పటి నుంచి అన్నం గిన్నె కూడా క్రేట్ లోపలే పెట్టినాం, మొదట తలుపు దగ్గర, తర్వాత చివర్లో. అది తింటా ఉండంగా తలుపు దగ్గరికి వేసి, గిన్నె ఖాళీ అయ్యే లోపలే తీసేసేవాళ్లం, అంటే తలుపు మూసినారే అని దానికి అనిపించే లోపల తెరుచుకుని ఉంటాది. తర్వాత తినేసినాక ఇంకొన్ని సెకన్లు, తర్వాత ఒక నిమిషం, మనం ఎదురుగానే కూర్చుని, తర్వాత వంటింట్లోకి పోయి రావడం, ఇట్లా. లోపల గుల్లగా ఉండే రబ్బరు బొమ్మలు దొరుకుతాయి, దాంట్లో కాస్త పెరుగన్నం కూరి ఫ్రీజర్లో పెట్టి గడ్డ కట్టినాక ఇస్తే నాక్కుంటా చాలాసేపు ఉంటాది, వేసవిలో చల్లగా కూడా ఉంటాది దానికి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ మాత్రం ఏ రూపంలోనూ పెట్టొద్దు, అవి కుక్కలకి విషం. క్రేట్‌లోకి పంపేటప్పుడు మెడ పట్టీ తీసెయ్యండి, జాలీకి తగులుకుంటే ఉరి పడతాది, ఈ మాట షాపుల్లో ఎవరూ చెప్పట్లేదు, ఇది పేపర్లో పెద్ద అక్షరాలతో వెయ్యాల్సిన మాట.

ఏడిస్తే తియ్యాలా వద్దా అని అందరూ అడుగుతారు. దీనికి ఒకే జవాబు చెప్పే వాళ్లని నేను నమ్మను. రెండు నెలల పిల్ల మూడు గంటలకి మించి పాస్ ఆపుకోలేదు, వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు అని ఒక లెక్క చెప్తారు, అది కూడా గరిష్ఠంగా. కాబట్టి నిద్రలోంచి లేచి మూలుగుతా అటూ ఇటూ తిరుగుతా ఉంటే అది బయటికి పోవాలని అర్థం, వెంటనే ఎత్తుకుని బయటికి తీసకపోవాలి, లైట్లు వెయ్యకుండా, ఆడించకుండా, పని అయినాక ఒక్క మాట బాగా చేసినావని చెప్పి మళ్లీ తెచ్చి పడుకోబెట్టాలి. అట్లా కాకుండా ఇప్పుడే పోయొచ్చి ఊరికే సణుగుతా ఉంటే జాలీలోంచి వేళ్లు లోపలికి పెట్టి పక్కనే ఉంటే చాలు, మా ఆయన చెయ్యి అట్లా కిందికి వేలాడేసుకుని ఎన్ని రాత్రులు నిద్రపోయినాడో. అదే పిల్ల నోట్లోంచి చొంగ కారతా, జాలీ కొరుకుతా, గోళ్లు రక్తం వచ్చేలా గీరతా ఉంటే అది మొండితనం కాదు, భయం. అక్కడ రెండు రోజులు ఏడవనీ అనే మాట పనికిరాదు, తలుపు తియ్యాలి, మళ్లీ మొదటి నుంచి రావాలి, అప్పటికీ కాకపోతే డాక్టర్‌ని అడగాలి. బసెంజీల్లో మూసేస్తే అస్సలు తట్టుకోలేనివి ఉంటాయి, వాటికి క్రేట్ వద్దు, వైర్లూ చెప్పులూ లేని ఒక గది చూసుకోండి. చుట్టూ పెట్టే ఫెన్సింగ్ లాంటిది కొంటే పైన కూడా మూత ఉండాలి, ఈ జాతి ఎక్కి దూకేస్తాది.

లోపల పాస్ పోసిందని కొట్టడం, ముక్కు దాంట్లో పెట్టి రుద్దడం మన పక్క పాత అలవాటు, దయచేసి మానేయండి. దానికి తెలిసేది ఒకటే, వీళ్లు చూస్తా ఉంటే పోస్తే కొడతారు అని, అందుకని మంచం కిందికి పోయి పోస్తాది. లేచినాక, తిన్నాక, ఆడినాక, ఈ మూడు సార్లూ మనమే తీసకపోతే దానంతట అదే నేర్చుకుంటాది. బసెంజీ పిల్లి మాదిరి ఒళ్లంతా నాక్కుని శుభ్రం చేసుకునే జాతి, పడుకునే చోట తడి అంటే దానికే ఇష్టం ఉండదు, ఆ గుణం మనకి సాయం చేస్తాది. బాగా అలవాటైన పెద్ద కుక్క ఉన్నట్టుండి ఎక్కువ నీళ్లు తాగతా ఇంట్లో పోస్తా ఉంటే మాత్రం తిట్టకుండా యూరిన్ టెస్ట్ చేయించండి, ఈ జాతిలో ఫాంకోనీ అని ఒక కిడ్నీ జబ్బు వంశపారంపర్యంగా వస్తాది, యూరిన్‌లో షుగర్ పోతా ఉంటాది. దానికి డీఎన్‌ఏ టెస్ట్ ఉంది, కొనే ముందే తల్లిదండ్రుల రిపోర్టు అడగొచ్చు, మేము అడిగినాం, ఇచ్చినారు. ఇంకో సంగతి, కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం పెట్టిన 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, నెల పిల్లల్ని బుట్టలో పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు.

మా అత్తయ్య మొదట్లో రోజూ గొడవే, "ఎందుకమ్మా పసిదాన్ని బోన్లో పెడతారు, పాపం తగులుతాది" అని. ఆమె మాటలో న్యాయం ఉంది, ఎందుకంటే మా కాలనీలోనే ఆమె చూసినాది అట్లాంటిదే, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎనిమిదికి డ్యూటీకి పోయి సాయంత్రం ఆరుకి వస్తారు, అప్పటిదాకా కుక్క క్రేట్‌లోనే. అది పెంచుకోవడం కాదండీ. 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో, కదలడానికి చాలినంత ఎత్తూ పొడవూ వెడల్పూ లేని బోనులో జంతువుని ఉంచితే నేరం అని ఉంది, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసినా నేరమే. క్రేట్ అనేది నిద్రకి, కాసేపు మనం బయటికి పోయొచ్చేదానికి, కార్లో ప్రయాణానికి, ఆపరేషన్ అయినాక రెస్ట్‌కి. శిక్షకి కాదు, మన డ్యూటీ టైం గడపడానికి కాదు. ఇంట్లో మధ్యాహ్నం తలుపు తీసే మనిషి లేకపోతే ఈ పిల్ల మీకొద్దు, బసెంజీ అస్సలు వద్దు, రోజూ బాగా పరిగెత్తించకపోతే అది సోఫా దూది అంతా బయటికి లాగేస్తాది. ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం తలుపు తీసేది ఆ అత్తయ్యే, చిట్టి తలుపు తీసినా బయటికి రాకుండా లోపలే వెల్లకిలా పడుకుని నిద్రపోతా ఉంటే ఆమే అందర్నీ పిలిచి చూపిస్తాది.

మన తిరుపతిలో ఉండేవాళ్లకి ఇంకో రెండు మూడు మాటలు. మే నెలలో గంగమ్మ జాతర డప్పులు, దీపావళికి టపాకాయలు, ఆ టైంలో క్రేట్‌కి మూడు పక్కలా పాత కాటన్ చీర కప్పి, గాలి ఆడేలా చూసుకుని, తలుపు తెరిచే పెట్టండి, అలవాటైన కుక్క దానంతట అదే లోపలికి పోయి కూర్చుంటాది. కానీ ఆ అలవాటు జాతరకి ముందే కావాలి, డప్పులు మొదలైనాక మొదటిసారి లోపల పెడితే ఆ శబ్దమూ క్రేటూ రెండూ కలిపి భయం పట్టుకుంటాది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి పదహారు వారాల దాకా బూస్టర్లు వేయించాలి, పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిందంటే పిల్లలు బతకడం చాలా కష్టం, 1895లో ఆ మొదటి జతని చంపిన డిస్టెంపర్‌కి కూడా టీకా ఉంది ఇప్పుడు. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో దించకుండా చంకలో ఎత్తుకునే లీలామహల్ సర్కిల్ దాకా తిప్పి బస్సుల మోత, బండ్ల హారన్లు వినిపించినాం, ఎందుకంటే మూడు నెలల లోపల చూసినవాటికి అవి పెద్దయ్యాక తక్కువ భయపడతాయి. అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీల పక్క ఉండేవాళ్లు రాత్రిపూట కుక్కని బయట కట్టేయొద్దు, చిరుతలు ఎన్నిసార్లు కిందికి దిగొచ్చినాయో మీ పేపర్లోనే చదువుతా ఉన్నాం. బసెంజీని బెల్టు లేకుండా వదిలితే ఉడతని చూసినా పరిగెత్తుకుంటా పోతాది, ఎంత పిలిచినా వెనక్కి తిరగదు, బైపాస్ రోడ్డు మీద అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఈ చెప్పిందంతా బసెంజీకే అనుకోవద్దు, వీధిలోంచి తెచ్చుకున్న మన ఊరి పిల్లకి కూడా ఇదే పద్ధతి, అదింకా తొందరగా నేర్చుకుంటాది, లక్ష రూపాయల పిల్ల కోసం బెంగళూరు దాకా పోలేనివాళ్లు మీ గేటు బయట ఉండేదాన్ని చూడండి ఒకసారి.

ఎడిటర్ గారూ, మీకు నా రిక్వెస్ట్ ఏంటంటే, తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, 1955 నుంచి పశువైద్య కాలేజీ ఉన్న ఊరు మనది, అక్కడి డాక్టర్లతో వారానికి ఒక చిన్న కాలమ్ రాయించండి, మొదటి వారం ఏం చెయ్యాలి, రాత్రి ఏడిస్తే ఏం చెయ్యాలి, ఎండాకాలంలో ఎట్లా అని, జిల్లా ఎడిషన్‌లో కాస్త చోటిస్తే చాలు. పెట్ షాపుల వాళ్లు క్రేట్ అమ్మేటప్పుడు తెలుగులో ఒక కాగితం కూడా ఇవ్వాలని మీరు రాస్తే వాళ్లు వింటారు, మేము చెప్తే వినట్లేదు. అట్లాగే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకి ఒక మాట, ఏ ఫ్లాట్‌లోనైనా కొత్త కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తా ఉంటే వాట్సాప్ గ్రూపులో తిట్టుకునే ముందు పోయి బెల్ కొట్టి, క్రేట్ తలుపు ఎప్పుడు మూసినారు, ఎంతసేపయింది అని అడగండి, వాళ్లకి తెలియకపోతే ఈ లెటర్ కట్ చేసి ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎయిర్ బైపాస్ రోడ్, తిరుపతి